తురాయి చెట్లకు ఎర్ర నంబర్లు

ఏప్రిల్ 24, గురువారం

కాలవ గట్టు మీద మూడు తురాయి చెట్లు కొట్టేశారు. నిండా పూత మీదున్న చెట్లు. కొట్టించింది పట్టణ సుందరీకరణ కమిటీ ప్రెసిడెంటు ప్రసాదరావు గారు.

ఛీ, మళ్లీ గారు. ఏలూరులో పుట్టిన పాపానికి శత్రువుని కూడా గారు లేకుండా తిట్టలేకపోతున్నాను. గారు కొట్టేస్తున్నాను. ప్రసాదరావు.

ఉగాది నాడు మైకు పట్టుకుని, తురాయి మన ఊరి వసంత పుష్పం అని ప్రకటించింది ఈయనే. నెల తిరగలేదు. ఆ మాట నమ్మి ‘ఏలూరు తురాయి: ఎక్కడ చూడాలి’ అని కరపత్రం రాసింది నేను. మొదటి చోటు కాలవ గట్టు, పదకొండు చెట్లు, నంబర్లు చూసుకుంటూ నడవండి అని రాశాను. రెండోది తాడేపల్లిగూడెం పాత రన్‌వే పక్కన. మూడోది మండవల్లి దాటాక కొల్లేరు రోడ్డు. అక్కడ చేపల చెరువుల గట్ల మీద ఎక్కడో ఒక చెట్టు, మళ్లీ మైలు దూరం పోతే ఇంకొకటి. జనం నిజంగానే వచ్చారు. కాలేజీ పిల్లలు, ముసలివాళ్లు, ఒక పెళ్లి జంట.

ఇప్పుడు అక్కడ ఇనప చెట్టు పెడతారట. ఎర్ర ఎల్‌ఈడీ పూలు. స్విచ్చేస్తే వసంతం.

సాయంత్రం 6

నాలుగో నంబరు చెట్టు దగ్గర ఆగారు. దాని కింద కృపమ్మ గారి ఇస్త్రీ బండి ఉంది. పంతొమ్మిదేళ్లుగా అక్కడే. మిగతా ఎనిమిదీ సోమవారం పొద్దున ఏడింటికి కొడతారట, బండి తీసెయ్యమన్నారట. తీసి ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. ఈ ఎండల్లో బొగ్గుల పెట్టె పట్టుకుని నీడ లేకుండా నిలబడితే తను మే నెల దాటనని ఆవిడ అన్నారు. ఏడుస్తూ కాదు, చొక్కా కాలరు తిరగేస్తూ.

నాకే ఏడుపొచ్చింది. కోపంతో.

ఏప్రిల్ 25, శుక్రవారం

ప్రసాదరావు ఊళ్లో లేరు. లేడు. గూడెంలో పెళ్లికి వెళ్లాడట.

ఏప్రిల్ 26, శనివారం

పొద్దున మొద్దులు ఎత్తడానికి లారీ వచ్చింది. వెంట మెషీన్ రంపం పట్టిన మనిషి, ఏసుబాబు, మండవల్లి నుంచి. కొట్టాలనుకుని వెళ్లాను. వెళ్లేసరికి వాడు పడిపోయిన కొమ్మ నుంచి మొగ్గలు తుంపి కృపమ్మ గారితో కోడిపందెం ఆడుతున్నాడు. మొగ్గ విప్పి, కేసరాల తలలు రెండూ తగిలించి లాగటం. ఎవరి తల తెగితే వాళ్లు ఓడినట్టు. చిన్నప్పుడు అందరం ఆడాం. చెట్టును చంపినవాడు దాని పువ్వుతో ఆడుకోవడమా? వాడి తల తెగింది. ‘మీ పుంజు గట్టిదండీ కృపమ్మ గారూ’ అని నవ్వాడు. ఆవిడా నవ్వారు. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండిపోయింది.

పూసే చెట్టు కొట్టడానికి చేతులెలా వచ్చాయని నిలదీశాను. వాడు నొచ్చుకోలేదు.

‘ఎండిపోయినవి కొట్టాలి, నంబర్లేసి ఉంటాయి అన్నారండి కమిటీవాళ్లు. ఇయ్యి ఎండలేదే అని ఫోన్‌జేసి అడిగానండి. నంబరుందా లేదా అన్నారు. ఉందన్నాను. కొట్టెయ్ అన్నారు. ఎర్ర నంబరంటే కొట్టేయమనే కదండీ? మా కొల్లేరు గట్ల మీద ఎవర్నడిగినా చెప్తారండి. నంబరు లేని చెట్టయితే నేను ముట్టుకోనండి, కేసు నా మీదకొస్తాది.’

వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాను.

మధ్యాహ్నం

ఆ నంబర్లు వేసింది నేను.

మధ్యాహ్నం 3

చూడ్డానికి వచ్చేవాళ్లకి తేలిగ్గా ఉంటుందని. ఎర్ర పువ్వుకి ఎర్ర రంగు బాగుంటుందని. నా ట్రంకుపెట్టెలో నలభై కరపత్రాలున్నాయి, అడవుల మీద, నదుల మీద, హక్కుల మీద. అన్నీ చదివాను. ఎర్ర నంబరంటే కొట్టేయమని ఒక్కదాంట్లోనూ లేదు.

ఎండిన చెట్లు రెండు వంతెన పక్కన ఇంకా నిలబడే ఉన్నాయి. వాటికి నంబర్లు వేయాల్సినవాళ్లు, గట్టు మీద నావి కనిపించగానే పని అయిపోయిందనుకున్నారు.

ఏప్రిల్ 27, ఆదివారం

ప్రసాదరావు ఇంటికి వెళ్లాను. కూర్చోబెట్టారు. కాఫీ ఇచ్చారు. తాగాను. తాగినందుకు నన్ను నేను క్షమించను. పొరపాటు జరిగిందని చెప్పాను, ఎవరిదో చెప్పలేదు. ఆయన జాలిపడ్డారు. ఒక్కసారి గట్టు మీదకొచ్చి చూడండి అన్నాను. పది నిమిషాల నడక.

‘కాగితం మీద పదకొండు ఎక్కాయి బాబూ. ఇప్పుడు ఎనిమిదింటిని వదిలేస్తే, ఆ మూడూ ఎందుకు కొట్టారని అడుగుతారు.’

అంటే తెలుసు. తెలిసే. మూడు తప్పు అని ఒప్పుకోలేక పదకొండూ ఒప్పు చేస్తున్నారు. గేటు దాకా వచ్చి, నా కరపత్రం చాలా బాగుందని కూడా అన్నారు.

మధ్యాహ్నం 2

గౌసియా జిరాక్స్ షాపుకి వెళ్లాను. పాత కరపత్రం అచ్చేసింది తనే. కొత్తది చేతికిచ్చాను: ‘చెట్ల హంతకుడు ప్రసాదరావు!’ మొత్తం చదివి, నంబర్లు ఎవరేశారో ఇందులో లేదేంటని అడిగింది. శత్రువు చేతికి ఆయుధం ఇవ్వకూడదన్నాను. నేను దాచిపెట్టి ఆయన్ని మాత్రం ఒప్పుకోమంటే ఎలా అంది. మెషీన్ ఆపేసింది. నువ్వు కూడానా అని అరిచేసి వచ్చేశాను.

4 గంటలు

చొక్కా కోసం కృపమ్మ గారి దగ్గర ఆగాను. పెయింటు వేసిన రోజుది. మడత చక్కగా ఉంది. ఎక్కడా ఎరుపు లేదు.

‘మరక పోలేదు జయంతూ. కనపడకుండా మడతేశాను. తొడుక్కుంటే కనపడతాదిలే.’

ఆవిడకి మొదటి నుంచీ తెలుసు. పంతొమ్మిదేళ్ల నీడ పోతుంటే కూడా ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

చొక్కా అక్కడే తొడుక్కున్నాను. గౌసియా దగ్గరికి వెళ్లి, నువ్వు రైట్ అని, కరపత్రం మార్చి రాసిచ్చాను. మెషీన్ వేసింది. ప్రసాదరావు పేరు చివర్న ‘గారు’ తనే టైపు చేసింది. నేను కొట్టెయ్యలేదు.

సాయంత్రం 6, అచ్చయిన ప్రకారం

తురాయి చెట్లకు నంబర్లు వేసింది నేను. చూడకుండా మూడు కొట్టించింది, తెలిశాక కూడా ఎనిమిది కొట్టిస్తున్నది ప్రసాదరావు గారు. నంబరు లేని చెట్టును రంపం ముట్టుకోదు. రేపు సోమవారం, తెల్లవారి అయిదింటికి, కాలవ గట్టు, కృపమ్మ గారి బండి దగ్గర. సున్నం నేను తెస్తాను. కుంచెలు మీరు తెచ్చుకోండి. ఏడింటి లోపల ఎనిమిది చెట్లకీ కొట్టేయాలి, సున్నం.

ప్రసాదరావు గారూ, మీరూ రండి. పది నిమిషాల నడకే.

జయంత్