పై వరస

జనక్‌పురి,
3 నవంబరు 1996

ప్రియమైన శ్రీవారికి,

ఇక్కడ మేము క్షేమం అని మొదలుపెట్టాలి గానీ అబద్ధం రాయలేను. అక్టోబరు పధ్నాలుగున స్కూలుకు వెళ్తుంటే బస్సు ఒక్క కుదుపు కుదిపింది. పై కడ్డీ పట్టుకున్న కుడిచెయ్యి వదల్లేదు. మనిషినంతా ఆ చేతిమీదే వేలాడాను. భుజంలో ఏదో పుటుక్కుమంది.

మూడు వారాలైంది. జడ వేసుకోలేను, ఆ పక్కకు తిరిగి పడుకోలేను. క్లాసులో బోర్డు మీద పై వరస వదిలేసి మధ్యనుంచి రాస్తున్నాను. "మేడమ్, ఊపర్ క్యోం నహీ లిఖ్తీ?" అంటూ పైన ఎందుకు రాయనని అడిగింది ఒక పిల్ల. పక్కింటి ఛాయాదేవి ఆంటీ "కంధా జామ్ హో గయా, మాలిష్ కరో" అని, భుజం పట్టేసింది మర్దనా చేసుకోమంటోంది. నాకు మనసు ఒకచోట నిలవడంలేదు. మార్చిలో ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. డాక్టరుకు చూపించనా?

మీ
సుభాషిణి

56 ఏపీఓ,
17 నవంబరు

ప్రియమైన సుభాకి,

ఇంతదానికే అంత కంగారా? రెండేళ్ల కిందట నా భుజం బిగుసుకుపోలేదూ? చొక్కా నువ్వే తొడిగేదానివి. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించాను, ఆరునెలల్లో సర్దుకుంది. నువ్వూ అదే చెయ్యి. పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై. నొప్పి పుట్టిందని ఆపకు. డ్రిల్లు హవల్దారుని, కొన్ని వందలమంది కొత్తవాళ్లచేత చేతులెత్తించినవాణ్ణి, నా మాట విను. డాక్టరు దగ్గరికెళితే ముందు కత్తి చూపిస్తాడు. మన ఇషితను పక్కనుండి లెక్కపెట్టమను.

నీ
భీమేశ్వరరావు

జనక్‌పురి,
22 డిసెంబరు

ప్రియమైన హవల్దారుగారికి,

మీ ఆజ్ఞ ప్రకారం మూడు వారాలు గోడ పాకాను. "పాపా నే బీస్ బోలా హై, మమ్మీ" అని ఇషిత ఇరవైలో ఒక్కటి కూడా తగ్గనివ్వలేదు. కళ్లనీళ్లు కారుతున్నా ఆపలేదు. ఇప్పుడు చెయ్యి అసలు లేవడంలేదు.

పోయిన ఆదివారం ఇషిత ఆటగా నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది. హాయిగా చెవిదాకా వెళ్లింది. వదిలేసరికి దబ్బున పడిపోయింది. ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

మర్నాడే ఎముకల డాక్టరు సుందరరామయ్యగారి దగ్గరికి వెళ్లాను. మీకొచ్చినట్టు బిగుసుకున్న భుజమైతే ఎవరెత్తినా లేవదట. నాది వేరేవాళ్లెత్తితే లేస్తుంది, నేనెత్తితే లేవదు. అంటే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడులాంటిది తెగిందన్నమాట. స్కానులోనూ అదే తేలింది. "భుజం నొప్పి అన్నవాళ్లందరికీ కత్తి అక్కర్లేదమ్మా, చాలామందికి మాత్రలూ వ్యాయామమూ సరిపోతాయి. కానీ దెబ్బ తగిలాక చెయ్యి లేవకపోతే మొదటివారంలోనే రావాలి" అన్నారు. ఇంకా జాగు చేస్తే తెగిన కొస లోపలికి ముడుచుకుపోయి, కుడదామన్నా అందదట.

జనవరి ఎనిమిదిన ఆపరేషను. భర్త సంతకం ఉండాలన్నాడు ఆస్పత్రి గుమాస్తా. ఫారం జతచేశాను. అందినరోజే పంపండి. మీరేమో ఫోను లేని చోట ఉన్నారు. వీధిలో సైకిలు బెల్లు మోగితే చాలు, పోస్టుమానేమోనని లేచి నిలబడుతున్నాను.

మీ
సుభాషిణి

56 ఏపీఓ,
3 జనవరి 1997

ప్రియమైన సుభాకి,

ఫారం అందింది. సంతకం పెట్టలేదు. నా యూనిట్లో లక్ష్మీనారాయణ భుజం కోయించుకున్నాడు. ఇప్పటికీ ఎడమచేత్తోనే అన్నం తింటున్నాడు. నాకు భయంగా ఉంది. ఫిబ్రవరి ఇరవైకి సెలవు దొరికింది. నేను దగ్గరుండగా ఏదో ఒకటి తేల్చుకుందాం, ఒక్క నెలన్నర ఓర్చుకో. ఫారం నా పెట్టెలో భద్రంగా ఉంది.

నేను చెప్పిన ఇరవై వల్లే ఇలా అయిందా? అది మాత్రం నిజం రాయి.

నీ
భీమేశ్వరరావు

జనక్‌పురి,
21 జనవరి

ప్రియమైన మీకు,

అక్షరాలు చూసి బెదిరిపోకండి. ఎడమచేత్తో రాస్తున్నాను. ఈ ఉత్తరానికి మూడు రోజులు పట్టింది.

ఏడో తారీకుదాకా ఎదురుచూశాను. ఎనిమిదిన ఆస్పత్రికి వెళ్లి గుమాస్తాను అడిగాను, "తెగింది ఆయన భుజమా, నాదా?" అని. డాక్టరుగారు విని, "ఆవిడ సంతకం చాలు, ఇంకో ఫారం ఇవ్వు" అన్నారు. నేనే పెట్టాను. కట్టు పడకముందు నా కుడిచెయ్యి చేసిన ఆఖరి పని అదే. మీ ఉత్తరం పదిహేనున వచ్చింది.

చదివాక చాలా కోపం వచ్చింది. ఇంకా పూర్తిగా పోలేదు. నిజం రాయమన్నారు కదా: తెగింది బస్సులోనే. ఆ ఇరవైలు చిరుగును పెద్దది చేసి ఉండవచ్చు అన్నారు డాక్టరుగారు. చెప్పింది మీరు, విన్నది నేను. కొస అందింది, కుట్టారు. ఆరువారాలు కట్టు, ఆపైన నెలల తరబడి వ్యాయామం. పై వరస మళ్లీ రాస్తానో లేదో ఇప్పుడే చెప్పలేనన్నారు. మార్చిదాకా నోటిపాఠాలు చెప్పమంది హెడ్‌మిస్ట్రెస్. ఆ తర్వాత సంగతి తెలియదు.

ఇరవైన తప్పకుండా రండి. ఆ ఫారం తేనక్కర్లేదు. నా జడ ఛాయాదేవి ఆంటీ వేస్తోంది, ఇషిత తనది తనే వంకరగా వేసుకుంటోంది. మీరొచ్చాక రెండు తలలూ మీవే.

మీరు వచ్చేసరికి కట్టు విప్పుతారు. కొన్నాళ్లకు నన్ను మళ్లీ గోడ పాకమంటారట. ఎన్నిసార్లో డాక్టరుగారు చెబుతారు. మీరు పక్కన నిలబడండి చాలు. నేను నొప్పి అన్నప్పుడు ఆపండి.

మీ
సుభాషిణి