బొద్దుపాప నవ్వు

నవంబరు 9, సోమవారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ నేనూ, మీ బావా, నీ మేనకోడలూ క్షేమం. నువ్వు క్షేమమేనా అని అడగను. అడిగితే బాగానే ఉన్నానంటావు, నేను నమ్మలేను. వేళకింత తింటున్నావా, అది చెప్పు చాలు.

బొమ్మల కంపెనీ అమ్మకం కాగితాలు నువ్వు పంపినవి కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివాను. శుక్రవారం సంతకం అన్నావు. ఆలోపు ఈ ఉత్తరం నీకు అందాలి. ఫోన్ చేస్తే అక్కా మళ్ళీ మొదలుపెట్టావా అని కట్ చేసేస్తావు. ఉత్తరాన్ని విసిరికొట్టినా మళ్ళీ తీసి చదువుతావు, చిన్నప్పటినుంచీ నీ బుద్ధి అంతే.

కంపెనీ అమ్మొద్దని నేననను. మరదలు పోయాక ఆ వర్క్‌షాపు గడప తొక్కడం నీవల్ల కావడం లేదని తెలుసు. బొమ్మల్లో దూది కూరే బల్ల దగ్గర ఆమె కుర్చీ అలాగే ఉందనీ, అందులో ఎవరూ కూర్చోవడం లేదనీ మేస్త్రీ చెప్పాడు. అమ్మెయ్. కుట్టుమిషన్లు అమ్ము, అచ్చులు అమ్ము, గోడౌను అమ్ము. జాబితాలో ఆఖరున ఉన్నదొక్కటి మాత్రం తీసెయ్. అది మన బొద్దుపాప బొమ్మ నవ్వు.

నవ్వు కూడా ఒక ఆస్తేనా అని మొదట్లో ఎగతాళి చేసింది నువ్వే. పొట్ట నొక్కితే కిలకిలమనే బొమ్మలు బజారునిండా ఉన్నా, పిల్లలు మన బొమ్మ నవ్వునే గుర్తుపట్టి మారాం చేస్తున్నారని కనిపెట్టింది మరదలు. దాన్ని ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించాల్సిందేనని పట్టుబట్టిందీ ఆమే. ఎవడో మన నవ్వును కాపీ కొట్టి అమ్ముతుంటే లాయరును వెంటేసుకుని వాడి కొట్టుకే వెళ్ళింది. గడువు దగ్గరపడకముందే రెన్యువల్ అని నీ చెవినిల్లు కట్టుకుని పోరేది. ఇప్పుడేమైంది? విలువ కట్టేవాళ్ళు వచ్చి మన మిషన్లను పాత ఇనుము కింద జమకట్టి, అన్నిటికంటే ఎక్కువ వెల ఆ నవ్వుకే కట్టారు. ఆ మాట వినడానికి ఆమె ఉండాల్సింది.

కానీ కొనేవాళ్ళు బొద్దుపాపను తయారు చెయ్యరట. తమ బొమ్మకు పోటీ లేకుండా మన నవ్వును కొని మూలన పడేస్తారట, నీ లాయరే చెప్పాడు. అసలు రికార్డింగుతో సహా అప్పగించాలనీ, మన దగ్గర ఒక్క కాపీ కూడా ఉంచుకోకూడదనీ కాగితంలో ఉంది. నవ్వు మన పేరునే ఉంచుకుని, ఇంకెవరికైనా లైసెన్సు ఇవ్వు. ఇల్లు అమ్మకుండా అద్దెకిచ్చినట్టే కదా. వాడకుండా వదిలేస్తే ఆ హక్కు నిలవదు, ఇదీ మరదలు నేర్పిందే.

మొన్న ఫోన్లో, బొమ్మలో ఉన్నది నీ కూతురి నవ్వు కాబట్టి నీకు బెంగ, పిల్ల నీ ఇంట్లోనే ఉందిగా, కావాలన్నప్పుడు నవ్వించుకో అన్నావు. మాట బాగానే ఉంది. జవాబు లేక కాదు నేను ఊరుకున్నది.

ఆ ఫోన్లోనే చివర్లో గొంతు తగ్గించి, తన మొహం కళ్ళముందే ఉంటోంది గానీ నవ్వు ఎలా ఉండేదో గుర్తు రావడం లేదక్కా అన్నావు. ఎలా వస్తుంది? పెళ్ళైన కొత్తలో భోజనాల దగ్గర అందరి ముందూ, నూనె వెయ్యని తలుపులా ఏమిటా నవ్వు అన్నావు. నువ్వు సరదాకే అన్నావు. ఆమె కూడా సరదాగానే తీసుకుంది. కానీ ఆ తర్వాత నీ ఎదుట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వలేదు. ఏ ఫొటోలో చూసినా ఆ చెయ్యే. నిన్ను దెప్పాలని రాయడం లేదురా. నీకు ఎంత ఏడుపుందో నాకూ అంతే ఉంది. ఆడపడుచునని చూడకుండా కడుపులో మాటంతా నాకు చెప్పుకునేది. ఇప్పటికీ పొద్దున్నే ఫోన్ మోగితే, వదినా అంటుందేమోనని పరుగెత్తుకెళ్ళి ఎత్తుతున్నాను.

శుక్రవారం ఆ ఒక్క పంక్తి కొట్టేసి సంతకం పెట్టు. ధర తగ్గిస్తామంటే తగ్గించుకోనీ.

నీ మేలు కోరే, నీ మీద ఇంకా కోపం తగ్గని
అక్క

తా.క.: కవరు అంటించాక మళ్ళీ చింపాను. ఇది చెప్పకుండా నువ్వు ఆ పంక్తి కొట్టెయ్యవు. రికార్డింగు రోజు అమ్మాయికి జ్వరం. మేమెన్ని కోతిచేష్టలు చేసినా నవ్వలేదు. దాన్ని నవ్వించబోయి మరదలికే నవ్వొచ్చింది. నువ్వు బయట ఎవరితోనో బేరంలో ఉన్నావు. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. రికార్డు చేసినతను దాని వేగం పెంచితే అచ్చం చంటిపిల్ల నవ్వైంది. మీ తమ్ముడికి చెప్పొద్దు వదినా, తలుపు చప్పుడు అమ్ముకుంటున్నామా అంటారు, సమయం చూసి నేనే చెబుతాను అని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ సమయం రాలేదు. ఆమె పోయినప్పుడు చెబుదామంటే నీ మొహం చూసి నాకు నోరు రాలేదు. ఒట్టు తీసి గట్టుమీద పెడుతున్నాను. నీ మేనకోడలికీ తెలియదు, అది తన నవ్వేనని ఊరంతా చెప్పుకు తిరుగుతోంది.

వేగం పెంచని అసలు రికార్డింగు నీ బీరువాలోనే ఉంది, నువ్వెప్పుడూ వినలేదు. తలుపేసుకుని విను. నవ్వు అయిపోయిందని ఆపెయ్యకు, చివరిదాకా ఉండనీ. బయట నీ చెప్పుల చప్పుడు వినబడుతుంది. నవ్వు ఆపుకోలేకుండానే, ఇక చాలు, ఆయన వస్తున్నారు అంటుంది.