పగిలిన చక్రం పలికే తీరు

జూన్ 9

ప్రియమైన మీకు,

ఇకమీద ఫోను వద్దు, ఉత్తరం రాయి అన్నారు గనక రాస్తున్నాను. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో మీకు నేను రాసిన ఉత్తరాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ వయసులో మీకీ కొత్త ముచ్చటేమిటో నాకు బోధపడటం లేదు. రాయడమంటే మీకు సరదా కావచ్చు, నాకు మాత్రం శిక్షే. కాగితం దగ్గర పెట్టుకుంటే అక్షరాలు అలుక్కుపోతాయి, దూరం పెడదామంటే చెయ్యి చాలదు.

చత్వారమట. పక్కింటి పంతులమ్మ తేల్చేసింది. నలభైలోనే రావాల్సింది, నలభై ఎనిమిదికి వచ్చింది, అదృష్టవంతురాలివి అంది. ఆ అదృష్టం ఎంతగా ఉందంటే, పొద్దున వెలుతురు బాగున్నప్పుడే పది సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి పెట్టుకుంటున్నాను. పదో సూది ఖాళీ అయిందంటే ఆ రోజుకి చేతికుట్టు పని అయిపోయినట్టే. కళ్ళజోడు కొనుక్కోవచ్చు కదా అంటారు. మొన్న మీరు వచ్చినప్పుడు ఏమన్నారు? మళ్ళీ వచ్చినప్పుడు ఇద్దరం కలిసి వెళ్దాం, ఫ్రేము నేను చూసి చెప్తాను అన్నారు. అందుకని ఆగాను.

ఇక ఆవిర్ల సంగతి. ఒక కోటుకి భుజం కొలత తీస్తుంటే ఉన్నట్టుండి మెడ దగ్గర మొదలై తల దాకా పొయ్యి రాజేసినట్టు అవుతుంది. రవిక తడిసిపోతుంది. కొలతకొచ్చిన మనిషి జ్వరమా అని రెండడుగులు వెనక్కి వేస్తుంది. పది నిమిషాలకి అదే ఒంటికి చలి. ఎవరి మీదైనా అరవాలనిపిస్తుంది. అరవడానికి ఇంట్లో మీరు లేరు.

పోయిన నెల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చి, ఆవిడ చెప్పిందంతా మీకు ఫోనులో అరగంట చెప్పాను. చెప్పడానికి ఎంత సిగ్గుపడ్డానో నాకే తెలుసు. అంతా విని మీరు "సరే, మంచిది, జాగ్రత్త" అని పెట్టేశారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా బతుకు.

డిసెంబరులో బదిలీ ఖాయమేనా? ఆ ఒక్కటీ రాయండి. మూడేళ్ళ నుంచి ఒక్కదాన్నే తలుపు తాళం తీసుకుని, ఒక్కదాన్నే వేసుకుని విసుగొచ్చింది.

ఇట్లు,
దిండుకు గుచ్చిన సూదిలా ఎదురుచూస్తున్న
మీ దర్జీ


జూన్ 21

ప్రియమైన దర్జీ దొరసానికి,

ఉత్తరం అందింది. శంఖం దగ్గర కాసేపు ఆగిపోయాను. తప్పు నాదే. యార్డులో ఫోను పెట్టిన గది పక్కనే ఇంజన్లు తిప్పుతారు, ఆ మోతలో ఒక మాట వినపడితే రెండు పోతాయి. అందుకే ఉత్తరం అన్నాను. కాగితం మీదున్న మాట ఎక్కడికీ పోదు. డాక్టరమ్మ ఏమందో మళ్ళీ ఒక్కసారి రాయవా? దాచుకుని చదువుకుంటాను.

నా సంగతి చెప్పాలంటే, యాభై రెండేళ్ళు ఒక్కసారిగా వచ్చి భుజాల మీద కూర్చున్నట్టుంది. ఒక్కో రైలుబండికి నూట నలభై నాలుగు చక్రాలు. రోజుకి నాలుగు బళ్ళు. ఒక్కో చక్రం దగ్గరా వంగి, సుత్తితో కొట్టి, మోత విని, లేచి, మళ్ళీ వంగాలి. ఇదివరకు లేస్తున్నానని తెలిసేది కాదు. ఇప్పుడు లేచిన ప్రతిసారీ మోకాళ్ళు ముందుగా కబురు పెడతాయి. బెల్టుకి నువ్వు కొట్టించిన కొత్త చిల్లు కూడా పాతబడిపోయింది. తల మీద ఉండాల్సిన వెంట్రుకలు చెవుల్లో మొలుస్తున్నాయి. నాతో పనిచేసే గ్రీజు వేసేవాడు, అదే మనం పిచ్చుక అని పిలుచుకునేవాడు, అవి చూసి చెవుల్లో పంట బాగా పండింది గురువుగారూ అంటున్నాడు.

బదిలీ ఖాయమే, ఒక్క గండం ఉంది. అక్టోబరులో ఒంటి పరీక్ష. కళ్ళు, చెవులు, గుండె, అన్నీ బాగుంటేనే మన ఊరి యార్డుకి పంపుతారు. మన ఊళ్ళో ఖాళీగా ఉన్నది చక్రాలు చూసే పని ఒక్కటే. ఏదైనా తేడా వస్తే ఇక్కడే ఏదో ఒక కుర్చీలో కూర్చోబెడతారు, ఇంకో నాలుగేళ్ళు కదలనివ్వరు. నువ్వు దిగులు పడకు. పాత మొండివాణ్ణి, గట్టెక్కుతాను.

కళ్ళజోడుకి నా కోసం ఆగకు అనాలని ఉంది. కానీ ఆగావంటే బాగుంది.

ఉంటాను మరి,
వంగి లేచి అలిసిపోయిన
నీ మనిషి


జూలై 4

ప్రియమైన మీకు,

డాక్టరమ్మ చెప్పింది మళ్ళీ రాయమన్నారు. నెలసరి ఇక రాదంది. ఒళ్ళు రావడం, నిద్ర పట్టకపోవడం, ఆవిర్లు, ఏడుపు, అన్నీ దాని వల్లేనంది. భయం లేదంది. రెండు మూడేళ్ళు ఓర్చుకోవాలంది. అంతే.

నోటితో చెప్పినప్పుడు ఇంత చిన్నగా చెప్పలేదు. పిల్లల కోసం మనం తిరిగిన ఆసుపత్రులన్నీ గుర్తొచ్చాయని, ఇన్నేళ్ళూ ఎక్కడో ఓ మూల పిసరంత ఆశ మిగిలే ఉందని అది పోయాకే తెలిసిందని చెప్పాను. అప్పుడు నాకు మీ నుంచి ఒక్క మాట కావాలనిపించింది. మీరేమో మంచిది అన్నారు. ఇంజన్ల మోత అంటున్నారు, సరే, ఒప్పుకుంటాను. కానీ అరగంటలో ఒక్కసారైనా "ఏమిటీ, వినపడలేదు, మళ్ళీ చెప్పు" అని అడగలేదే?

నా గొంతంటే మీకు అంత విసుగొచ్చిందా? అద్దంలో చూసుకుంటే నాకే విసుగొస్తోంది, మిమ్మల్ని అని ఏం లాభం.

ఇంక రాయలేను, కళ్ళు లాగుతున్నాయి. వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి పంతులమ్మ ఇంటి ఫోను దగ్గర ఉంటాను. మీ గొంతు వినాలి. ఇంజన్లు లేని చోటు చూసుకుని చేయండి.

మీ
దర్జీ


జూలై 16

ప్రియమైన మీకు,

ఆదివారం ఐదు కొట్టగానే చేశారు. సంతోషం.

మీరు చేశాక ఏం జరిగిందో రాస్తాను, ఎందుకంటే మీకు తెలియదు. నేను "ఎలా ఉన్నారు" అన్నాను. మీరు "నేను బాగున్నాను, నువ్వు మందులు వేళకి వేసుకో, ఆ రోజు నీ మాటకి సరిగ్గా జవాబివ్వలేకపోయాను, నీ బాధ నాకు తెలుసు, పిల్లలు లేకపోయినా నాకు నువ్వు చాలు" అన్నారు. మంచి మాటలే. కానీ అవి పిల్లాడు బడిలో పద్యం అప్పజెప్పినట్టు ఆగకుండా అప్పజెప్పేశారు. మధ్యలో నేను రెండుసార్లు అడ్డం వచ్చి ఏదో అడిగాను. మీ పద్యం ఆగలేదు.

తర్వాత నేను మాట్లాడాల్సిన వంతు వచ్చింది. నేను ఏమీ మాట్లాడలేదు. ఊరికే ఫోను పట్టుకుని నిలబడ్డాను. మీరు "ఊ" అన్నారు. కాసేపాగి "ఊ, ఊ, అవును" అన్నారు. పంతులమ్మ గోడ గడియారంలో రెండు నిమిషాలు గడిచాయి. అంతసేపూ మీరు ఊ కొడుతూనే ఉన్నారు.

నాకు అర్థమైంది. ఇంక మిమ్మల్ని ఏమీ అడగను. ఫోనూ చేయమనను. డిసెంబరుదాకా ఎలాగో గడిపేయండి.

మీ
దర్జీ


సెప్టెంబరు 2

ప్రియమైన నీకు,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర కావస్తోంది. ఆరుసార్లు జవాబు మొదలుపెట్టి చించేశాను. కోపంగా ఉన్నావని తెలుసు. కోపంతోనైనా సరే ఇది చివరిదాకా చదువు.

ఇంజన్ల మోత అబద్ధం. ఆ ఫోను గది పక్కన ఇంజన్లు లేవు, సామాన్లు పెట్టే కొట్టు ఉంది. నాకు వినపడటం లేదు.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను. ముందు పిట్టలు పోయాయి. యార్డులో పిట్టలు తగ్గిపోయాయి అనుకున్నాను. తర్వాత ఆడవాళ్ళ గొంతులు, ఫోనులో మరీను. ఎదురుగా ఉంటే పెదాలు చూసి పట్టుకుంటాను. ఫోనులో పెదాలు ఉండవు కదా. నీ గొంతు గొణుగుడులా వస్తుంది, ఎక్కడ ఆగితే అక్కడ ఊ కొట్టడం అలవాటు చేసుకున్నాను. మళ్ళీ చెప్పు అని ఒకసారి అడగొచ్చు, రెండుసార్లు అడగొచ్చు. మూడోసారి అడిగితే నీకు తెలిసిపోతుందని భయం. నువ్వు ఆశ పోయిందని చెప్పిన రోజు నేను మంచిది అన్నానని నీ ఉత్తరంలో చదివి, ఆ పూట పనిలోకి పోలేకపోయాను.

ఇప్పుడు అసలు సంగతి. మంచి చక్రం సుత్తి తగిలితే ఖంగుమంటుంది, ఆ మోత సన్నగా సాగి సాగి పోతుంది. బీట వారిన చక్రం చప్పగా పలికి ఊరుకుంటుంది. తేడా అంతా ఆ సన్నటి తోకలోనే ఉంటుంది. నాకు ఆ తోక వినపడటం మానేసి ఏడాది అయింది. అన్నీ చప్పగానే పలుకుతున్నాయి. సుత్తి కర్రలో వచ్చే అదురు చేతికి తెలుస్తుందిలే, ముప్ఫై ఏళ్ళ చెయ్యి అని నన్ను నేను నమ్మించుకున్నాను. పోయినేడు పరీక్షలో చప్పుడు వినపడితే వేలెత్తమన్నారు. మీట నొక్కే ఆయన చెయ్యి కిటికీ అద్దంలో కనపడుతోంది. అది చూసి వేలెత్తాను. ఈ అక్టోబరుకీ అదే ఉపాయం అనుకున్నాను. నీ దగ్గరికి రావాలి, అంతే నా లెక్క.

ఆగస్టు ఇరవై ఆరున పొద్దుటి బండి చూశాను. అంతా బాగుందని సుద్దతో గుర్తు పెట్టేశాను. జనం ఎక్కి కూర్చున్నారు. వెనక గ్రీజు వేస్తూ వస్తున్న పిచ్చుక ఏడో పెట్టె దగ్గర ఆగి నన్ను పిలిచాడట. నాకు వినపడలేదు. పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. చక్రం అంచున బీట, నా చిటికెన వేలంత. దాని పక్కనే నేను పెట్టిన సుద్ద గుర్తు. సుత్తి తీసుకుని మళ్ళీ కొట్టాను. నాకు అన్నిట్లాగే పలికింది. పిచ్చుక నా మొహం చూశాడు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని వాణ్ణి ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. వాడు పెదాలు కనపడేలా నాకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నేనెవరికీ చెప్పను గురువుగారూ, మీరే చెప్పండి" అన్నాడు.

పెట్టె తప్పించి బండి పంపారు. ఆ పెట్టెలోంచి దిగి వేరే పెట్టెలోకి మారుతున్నవాళ్ళని చూస్తూ నిలబడ్డాను. బండి ఆలస్యమైందని ఒకాయన నన్ను తిట్టాడు. పెదాలు చూస్తే తెలిసింది.

మధ్యాహ్నం ఆఫీసరు గదికి వెళ్ళి అన్నీ చెప్పేశాను, కిటికీ అద్దంతో సహా. సుత్తి తీసుకున్నారు. పనిలోంచి తీసేయలేదు. సామాన్ల కొట్టులో కూర్చోమన్నారు. చెవికి మిషను ఇస్తారట. మనుషుల మాటలు చాలావరకు వినపడతాయట, చక్రాలు మాత్రం కాదట. బదిలీ పోయింది. నాలుగేళ్ళు.

నీకు ఇంటికొస్తానని చెప్పి మోసం చేశాను. ఏమన్నా పడతాను. ఉత్తరం మాత్రం మానేయకు.

నీ మనిషి


సెప్టెంబరు 13

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం మొత్తం నేనే చదువుకున్నాను. ఇదివరకటివి పంతులమ్మ చదివి పెట్టింది, చెవుల్లో వెంట్రుకలు కూడా ఆవిడకి తెలుసు. ఇది ఆవిడ చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. వెళ్ళి కళ్ళజోడు కొనుక్కున్నాను. ఫ్రేము నేనే ఎంచుకున్నాను. మీకు నచ్చకపోయినా బాగుందనండి, నా చెవులు బాగానే ఉన్నాయి.

నేను కోపంగా ఉన్నానని రాశారు. నేను కోపంతో రాయలేదు. జూలైలో ఆ రెండు నిమిషాలు మీరు ఊ కొట్టిన రోజే నాకు తెలిసిపోయింది, మీకు వినపడటం లేదని. పోయినసారి మీరు వచ్చినప్పుడు నా చేతిలోంచి కత్తెర మీ వెనకే రాతినేల మీద పడితే మీరు తలైనా తిప్పలేదు. ఆ కత్తెర, ఈ ఊ, రెండూ కలిపి చూసుకున్నాను. నాకు అర్థమైంది అని రాసింది అదే.

మరి ఎందుకు అడగలేదంటారా? మొదట మీరు చిన్నబుచ్చుకుంటారని అనుకున్నాను. కాదు. నిజం రాస్తాను. అడిగితే మీరు ఒప్పుకుంటారు, ఒప్పుకుంటే బదిలీ పోతుంది. ఇంకో ఐదు నెలలు ఎలాగో నెట్టుకొస్తే మీరు ఇంట్లో ఉంటారు. అందుకే డిసెంబరుదాకా గడిపేయండి అని రాశాను. మీ పని చెవితో చేసే పని అని నాకు తెలియదా? ఇరవై నాలుగేళ్ళుగా మీ నోట వింటూనే ఉన్నాను ఆ ఖంగు, ఆ తోక. తెలిసే రాశాను. ఆ బండిలో ఎవరు కూర్చుంటారో అనే ఆలోచన నాకు ఒక్క పూటైనా రాలేదు. మీ ఉత్తరంలో జనం దిగి వేరే పెట్టెలోకి మారుతున్నారని చదివాక వచ్చింది. అప్పటి నుంచి నిద్ర లేదు, దీనికి కారణం డాక్టరమ్మ చెప్పింది కాదు. మీరు ఆఫీసరు దగ్గర చెప్పేశారు. నేను ఎవరి దగ్గర చెప్పుకోను? మీకే చెప్తున్నాను.

మీరు చేసింది మోసమైతే అందులో సగం నాది. పిచ్చుకకి నా తరఫున ఒక చొక్కా కుడతాను, కొలతలు తీసి ఉంచండి.

నాలుగేళ్ళు మళ్ళీ ఈ తాళంతో నావల్ల కాదు. మీరు రాలేకపోతే నేనే వస్తాను. కుట్టు మిషను ముందుగా సామాన్ల బండిలో పంపించాను. అక్కడ కూడా జనం బట్టలు కట్టుకునే తిరుగుతారు కదా. ఇంటి తాళం పంతులమ్మకి ఇచ్చాను. ఆవిడ ఏడ్చింది, మీ ఉత్తరాలు ఇక ఉండవని కాబోలు.

వచ్చే గురువారం మధ్యాహ్నం బండికి దిగుతాను. మూడో పెట్టె. స్టేషన్లో నేను పిలవను, పిలిచినా మీకు వినపడదు. మీరే చూసి గుర్తుపట్టాలి. మొన్నటి కంటే లావయ్యాను. జుట్టుకి రంగు మానేశాను, ముందు సగం తెల్లగా ఉంటుంది. కళ్ళజోడు నల్లది. దిగేసరికి మొహం చెమటలు కారుతూ ఉంటే కంగారు పడకండి, అది నాకు మామూలే.

చెయ్యి ఊపుతాను. మీరు కదలకుండా నిలబడి, పెట్టె తలుపు వైపు చూస్తూ ఉండండి.

బయల్దేరుతున్న
మీ దర్జీ