మళ్ళీ రన్ బటన్

గురువారం, రాత్రి

మిల్లు మెషిన్ల నూలు లెక్క చూపే మా సాఫ్ట్‌వేర్‌లో, లెక్క చేరిందో లేదో చూసే టెస్ట్ ఒకటి ఒకసారి పచ్చగా (పాస్), ఒకసారి ఎర్రగా (ఫెయిల్) వచ్చేది. లెక్క సిస్టమ్‌లోకి కాస్త ఆలస్యంగా చేరుతుంది, టెస్టేమో వెంటనే అడిగేది. ఎర్రగా వస్తే అందరం మళ్ళీ రన్ నొక్కి, పచ్చబడగానే టీకి వెళ్ళిపోయేవాళ్ళం.

ఈ రోజు దాన్ని సరిచేశాను. ఇప్పుడు లెక్క వచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది, నిమిషం దాటితేనే ఎర్రబడుతుంది.

సాయంత్రం ఎర్రబడింది. టీమ్ లీడ్ రామన్న నిన్న మార్చిన కోడ్‌తో లెక్క ఒక్కోసారి అసలు చేరడమే లేదు.

"ఇంకోసారి రన్ కొట్టు మా, సరి అయిపోతాది," అన్నాడు.

"ఇన్నాళ్ళూ అది తొందరపడినది అన్నా. ఈసారి కాచుకొని చూసినది. లెక్క రాలేదు."

"రేపు రిలీజ్. నువ్వే నిలిపినావని మేనేజర్‌కు చెప్పేదా?"

"చెప్పండన్నా."

ప్రమోషన్‌కు పేర్లు పంపేది ఆయనే. ఆ సంగతి ఇంటికి సేత్తూరు బస్సెక్కాక గుర్తొచ్చింది. అయినా దిగి వెనక్కి వెళ్ళలేదు.

నేను వచ్చేశాక ఆయనే మళ్ళీ రన్ నొక్కి ఉంటాడా అని ఇప్పుడు అనిపిస్తోంది. నొక్కలేడు. బయల్దేరే ముందే ఆ బటన్ తీసేశాను.