చక్కెర వేయని టీ

సత్తెనపల్లి

నాన్నకు దేవకుమారి వందనాలు. అత్తయ్య ఆసుపత్రి నుంచి వచ్చేసింది, భయపడకు. ఫోన్లో నీకు వినపడదని కార్డు రాస్తున్నాను.

సువార్త కూడికలకు తిరుగుతూ ఆయనా అత్తయ్యా నేనూ కాపురముండే డీజిల్ వ్యానులో, ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ రోజూ తగ్గుతూ వచ్చింది. కింద చుక్క కారదు. ఎటు పోతోందో అంతుపట్టలేదు. ఆ రోజుల్లోనే షుగరున్న అత్తయ్య, "ఏమ్మే, నా టీలో చక్కెర వేసి చంపుతావా?" అని రోజూ తగువు. వేయలేదంటే నమ్మదు. మా టీలో చక్కెర ఉంటుంది కనుక మాకు తేడా తెలియలేదు. చివరికి ఆయన ఆమె గ్లాసులోది ఒక గుక్క తాగి, వ్యాను వెనక్కి పరిగెత్తారు. స్నానాల నీళ్లు ఇంజను వేడికి కాగాలని కూలెంట్ తిరిగేలా ట్యాంకులో ఆయన పెట్టిన రాగి గొట్టానికి చిల్లి పడి, అది ఆ నీళ్లలో కలుస్తోంది. గ్యాసు కలిసొస్తుందని నేను టీకి ఆ నీళ్లే వాడాను. కూలెంట్ తియ్యగా ఉండే విషమట. డాక్టరు ముగ్గురికీ పరీక్షలు చేసి, కిడ్నీలకు ఏమీ కాలేదన్నారు.

గొట్టం తీసేశాం. లారీ నడిపినవాడివి, చెప్పు: రేడియేటర్లో మిగిలింది పారబోసి కొత్తది పోయాలా? ఇక్కడి ఉప్పు బోరు నీళ్లు కలపొచ్చా? చెల్లి మిరప కోతలకు వెళ్తోందా?

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. ఇప్పుడు క్యాను నీళ్లతో టీ పెడుతున్నాను. నిన్న అత్తయ్య ఒక గుక్క తాగి, "చప్పగా ఉందే" అని గ్లాసు ఖాళీ చేసింది.