బోసిమెడ సంతతి

కొల్నార,
జూన్ 1997

చి.ల.సౌ. కల్యాణికి మామయ్య మన్మథరావు దీవించి రాయునది. ఇక్కడ మనుషులం బాగానే ఉన్నాం. రాయాల్సింది కోళ్ళ సంగతే.

నిరుడు తెగులొచ్చి ఊళ్ళో కోళ్ళన్నీ చచ్చాయి కదా. అదే వారంలో మీ అత్త గౌరీశ్వరి ఒక పుంజునీ రెండు పెట్టల్నీ గంపలో పెట్టుకుని జేకేపూర్‌లో వాళ్ళ చెల్లెలికి ఇద్దామని వెళ్ళింది. మూడింటికీ మెడ మీద ఈక లేదు, పుట్టుకే అంత. ఆవిడ చూసి, ఇంట్లో నీళ్ళోసుకున్న పిల్ల ఉంది, ఈ మొహాలు చూపించకు అని గంపతో సహా తిప్పి పంపింది. తిరిగొచ్చేసరికి ఊళ్ళో కోడికూత లేదు. మిగిలినవి ఇవే.

అందరూ మా గుడ్లే పట్టుకెళ్ళి పొదిగించుకున్నారు. ఇప్పుడు ఊరి నిండా కోళ్ళే, అన్నీ బోసిమెడలే. అమ్మవారికి మొక్కులు చెల్లించే ఎర్రమ్మ వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. "ఈకల్లేని కోడిని తల్లికి ఎలాగిచ్చీది? తల్లి ఏటనుకుంటాది?" అంది. బోరింగు దగ్గర మీ అత్తతో ఎవరూ మాట్లాడటం లేదు. అక్కడ మిగిలిపోయిన మాటలన్నీ ఇంటికొచ్చి నాతో ఆడుతోంది. నాకు ఓపిక లేదమ్మీ. ఈ రకం గట్టిది కాబట్టే బతికిందా? సునాబెడ బడిలో సైన్సు చెప్తున్నావు కదా, రాయి.

ఇట్లు,
మామయ్య

తా.క. నీ పెళ్ళి మాట మీ బావ పృథ్వి దగ్గర మళ్ళీ ఎత్తాను. కోళ్ళ గొడవ తేలనీ అన్నాడు.

•

సునాబెడ,
జూన్ 1997

మామయ్యకి కల్యాణి నమస్కారాలు.

గట్టివి కావు మామయ్యా. తెగులొచ్చిన రోజున గంపలో ఉన్నాయి, అంతే. గంపలో నల్లకోళ్ళు ఉండుంటే ఇవాళ ఊరంతా నల్లకోళ్ళే. మంద మరీ చిన్నదైపోయినప్పుడు ఏ రకం మిగులుతుందన్నది మంచిచెడ్డలు చూసి జరగదు, గుడ్డిగా జరుగుతుంది. మా పుస్తకాల్లో దీన్ని సీసా మెడ అంటారు. సీసా నిండా రకరకాల విత్తనాలున్నా, ఆ సన్నటి మెడలోంచి జారిపడ్డవే తర్వాత మొలుస్తాయి.

మళ్ళీ రకాలు రావాలంటే బయటి రక్తం కలపాలి. మా పక్క క్వార్టర్సులో నాయక్ గారని ఒరియా వాళ్ళున్నారు. వాళ్ళ పుంజుకి మెడ నిండా ఈకలే. బావని పంపు, ఇప్పిస్తాను.

ఇట్లు,
కల్యాణి

తా.క. బావని పొద్దుటి బస్సుకే రమ్మను. వంట చేసి ఉంచుతాను.

•

కొల్నార,
ఆగస్టు

చి.ల.సౌ. కల్యాణికి ఆశీస్సులు.

నువ్వు రాసింది అక్షరాలా నిజం. మీ అత్త పుంజుని పట్టుకుని చూసింది, మెడ అచ్చం సీసాలాగే ఉంది. మన కొల్నార కోళ్ళ సంగతి పుస్తకాల వాళ్ళకి ఎలా తెలిసిందా అని ఊరంతా ఆశ్చర్యపోయింది.

పృథ్వి తెచ్చిన పుంజు లక్షణంగా ఉంది. ఎర్రమ్మ చేత కోయించి, ఆ బయటి రక్తం తవుడులో కలిపి, ఇంటింటికీ తిరిగి ప్రతి కోడికీ తినిపించాం. నెల దాటింది. కొత్త పిల్లలకీ మెడ బోసే. రక్తం చాల్లేదంటావా?

ఇట్లు,
అలిసిపోయిన మామయ్య

తా.క. కూర మాత్రం బాగా కుదిరింది. ఇంకో పుంజు కోసం పృథ్వి మళ్ళీ రెండుసార్లు సునాబెడ వచ్చాడు కదా, ఉత్తచేతులతోనే తిరిగొచ్చాడు.

•

సునాబెడ,
ఆగస్టు

మామయ్యకి నమస్కారాలు.

పుంజుని కోయమని నేను రాయలేదు. రక్తం కలపడమంటే ఆ పుంజు బతికుండి మీ పెట్టలతో జత కట్టాలని. పెళ్ళి కావలసిన పిల్లని, మేనమామకి అంతకంటే విడమరిచి ఎలా రాసేది? ఇప్పుడు రాసేశాను. విసుగు ముందు సిగ్గు నిలవలేదు.

ఇంకా అర్థం కాకపోతే మన ఇళ్ళే చూడు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవి నాలుగు కుటుంబాలు. పిల్లల్ని ఇచ్చుకున్నదీ పుచ్చుకున్నదీ వాటిలోనే. అందుకే మన మగవాళ్ళందరికీ నలభై దాటితే చెవుడు. కోళ్ళదీ అదే కథ.

ఇట్లు,
కల్యాణి

తా.క. బావ మళ్ళీ రెండుసార్లు వచ్చాడా? మా ఇంటికి రాలేదే.

•

కొల్నార,
సెప్టెంబరు

అమ్మీ కల్యాణీ,

ఈసారి బాగా అర్థమైంది. నీ ఉత్తరం పృథ్వి చేతే అందరి ముందూ చదివించాను. నాలుగు కుటుంబాల మాట దగ్గర ఆగి, ఆ ముక్క రెండోసారి చదివాడు. ఆ సాయంత్రం వాళ్ళమ్మ ముందు కూర్చుని, "సూసేవు కదా అమ్మా, కల్యాణే రాసింది. మనకి బయటి సంబంధం కావాల. నాయక్ గారి అమ్మాయి మినతి ఉంది" అన్నాడు.

ఒరియా పిల్లా అని మీ అత్త అన్నం మానేసింది. ఆఖరికి ఎర్రమ్మే వచ్చి, కోళ్ళకి మంచిదైంది మనుషులకి చెడ్డదెలా అవుతుందని అడిగి తినిపించింది. నేను ఇద్దరి మధ్యా వినపడనట్టు కూర్చున్నాను. సగం నిజంగానే వినపడలేదు.

నీకు మాటిచ్చినవాణ్ణి, నీ ముందు తలెత్తలేను. వద్దురా అంటే వాడు నీ ఉత్తరం తీసి చూపిస్తున్నాడు. నీ సైన్సుకి జవాబు చెప్పేంత చదువు నాకు లేదు. మాఘంలో పెళ్ళి. నువ్వు రాకపోయినా నేనేమీ అనుకోను.

ఇట్లు,
మామయ్య

తా.క. వియ్యంకుడు నాయక్ గారు రెండు పుంజుల్ని పంపారు. కత్తి పట్టుకున్నవాళ్ళనెవరినీ వాటి దగ్గరికి పోనివ్వడం లేదు. నీకూ బయటి సంబంధమే చూడాలని ఊరంతా పట్టుదలగా ఉంది. ఎలాంటివాడు కావాలో రాయి. ఈసారి మొదటి ఉత్తరంలోనే విడమరిచి రాయి.