దూది పెట్టని రోజు

సూళ్లూరుపేట

చిరంజీవి అల్లుడు మునిశేఖర్ గారికి మామ దీవెనలు.

మొన్న రాకెట్ వదిలారు. బిడ్డను కింద ఉయ్యాల్లో పడుకోబెట్టి, ఎప్పటిలాగే మిద్దె ఎక్కాం. పక్కింటి రమణయ్య, అదంతా తన చేతిపనే అన్నట్టు అందరికీ వివరించాడు. ఆయన సంగతి వేరే ఉత్తరానికి సరిపోతుంది.

చప్పుడుకు దడుచుకోకుండా పసిబిడ్డల చెవుల్లో ముందే దూది పెడతాం కదా, ఈసారి మీ అత్తగారు మరిచిపోయింది. "అయ్యో, బిడ్డ జడుసుకుంటాదయ్యా!" అని దిగేలోగా కిటికీలు దడదడలాడాయి, కుక్క మంచం కింద దూరింది. మన చిన్నారి చెంగమ్మ మాత్రం ఉయ్యాల్లో మేలుకుని, తన వేళ్లతో తాను ఆడుకుంటోంది.

"గట్టి గుండె దీనిది!" అన్నాను.

"నీ గట్టిగుండె తగలెయ్య! ఎనకనించి పళ్లెం కొట్టి చూడు," అంది మీ అత్తగారు.

కొట్టాను. తల తిప్పలేదు. ఇన్నిసార్లూ బిడ్డ జడుసుకోకపోవడం దూది మహిమ అనుకున్నాం.

డ్యూటీలు పక్కనపెట్టి మీరిద్దరూ రండి, నెల్లూరులో చెవుల డాక్టరుకు చూపిద్దాం. అమ్మాయికి మీరే మెల్లగా చెప్పండి. ఊరంతటికీ కబుర్లు చెప్పే నాకు, ఈ మాటకు నోరు రావడం లేదు.

బిడ్డకు కథలు చెప్పడం మానలేదు. ఇప్పుడు ఎదురుగా కూర్చుని చెబుతున్నాను. నా నోరు కదులుతుంటే చూసి నవ్వుతోంది.

మీ మామ